పొక్కని టీకా

జనం నమ్మకపోతే ఏం చెయ్యాలని, ఈ శాఖలోకి కొత్తగా వచ్చిన మీరంతా అడుగుతుంటారు. నమ్మితే ఏం చెయ్యాలని ఒక్కరూ అడగరు. నమ్మనివాళ్ళతో నేను పడ్డ అవస్థలు చాలానే ఉన్నాయి. కుక్కల్ని ఉసిగొల్పారు, పిల్లల్ని గాదెల్లో దాచారు, ఒక ఊళ్ళో ముసలమ్మ నా నెత్తిన కుడితి కుమ్మరించింది. అవన్నీ స్నానం చేస్తే పోయాయి. నమ్మినవాళ్ళ దగ్గర తగిలిన దెబ్బ మాత్రం ఉద్యోగం దిగిపోయాక కూడా పోలేదు. అందుకని దాన్నే చెబుతాను.

నేను డాక్టర్ని కాను, కాంపౌండర్ని కూడా కాను. మశూచికి టీకాలు వేసేవాణ్ణి. చేతిలో చిన్న పళ్ళ చక్రం, సంచిలో సన్నటి గాజు గొట్టాల్లో మందు, నోట్లో నాలుగు మంచి మాటలు. మా సరంజామా అంతే. చక్రంతో జబ్బ మీద గీసి, గీసిన చోట మందు రుద్దుతాం. మందు మంచిదైతే ఎనిమిదో నాటికి అక్కడ ముత్యమంత పొక్కు లేస్తుంది. లేస్తే టీకా పట్టినట్టు. ఆ మనిషికి ఇక చాలా ఏళ్ళు మశూచి భయం లేదు. లేవకపోతే గీసింది ఒట్టి గీతే.

మన్యం పోస్టంటే మా వాళ్ళు శిక్ష కింద లెక్క వేసేవారు. మన్యం జ్వరం పట్టి, ప్లీహం వాచి కడుపులో బల్ల పెరిగి, పసుపచ్చటి మొహాలతో దిగివచ్చేవారు. నేను అడిగి మరీ వేయించుకున్నాను. పెద్ద యుద్ధం అయిపోతున్న రోజుల్లో దేశమంతా ఒక జ్వరం తిరిగింది, మీ తాతల్ని అడిగితే చెబుతారు. ఆ జ్వరంలో మా ఇంట్లో నా భార్య పోయింది, ఇంకా పేరు పెట్టని పిల్ల పోయింది. డాక్టరు గారు గుమ్మంలోకి వచ్చి, వేడినీళ్ళు పట్టమని చెప్పి, తలదించుకుని వెళ్ళిపోయారు. ఆయన్ని నేనెప్పుడూ తప్పు పట్టలేదు. ఆయన దగ్గర మందు లేదు. కానీ ఆ తరవాత నాకు ఒకటే పట్టుదల. మశూచికి మందుంది, అది నా సంచిలోనే ఉంది. ఉన్న మందు అందక ఒక్క పిల్ల కూడా పోకూడదు. పోతే, ఇంటికెళ్ళి చెప్పుకోవడానికి నాకింకెవరూ లేరు.

మందు ఎక్కడో దూరాన తయారై, రైల్లో మైదానం దాకా వచ్చి, అక్కణ్ణించి బండి మీద కొండ మొదటికి చేరేది. అక్కణ్ణించి పైకి మనిషి కావిడి. కొత్త కుండలో తడి ఇసక పోసి, గొట్టాల్ని తడిగుడ్డలో చుట్టి అందులో పాతేవాళ్ళం. చల్లగా ఉంటే బతుకుతుంది, ఎండ తగిలితే చస్తుంది. తంటా ఏమిటంటే, చచ్చిన మందు కూడా చూడ్డానికి బతికున్నట్టే ఉంటుంది. తేడా తెలిసేది మనిషి చేతి మీదే, అదీ వారం దాటాక.

నా కావిడి మోసేవాడు కొండదొరల తెగకి చెందిన నడివయసు మనిషి. మితభాషి. మొదటి వారమే నాకొక ఉపకారం చేశాడు. ఆ ఏళ్ళలో మన్యంలో పోలీసుల రాకపోకలు మెండు, ఖాకీ గుడ్డ కనబడితే ఊళ్ళకి ఊళ్ళు అడవిలోకి పోయేవి. నేనేమో ఖాకీ కోటు తొడుక్కుని, ఖాళీ గుడిసెల మధ్య నిలబడి, ఆరోగ్యం గురించి ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. 

"ఆ కోటు ఇప్పీండి బాబూ. కోళ్ళు తప్ప ఇంకెవులూ ఇనడం లేదు" అన్నాడు. 

విప్పాను. ఆ తరవాతి ఊళ్ళో మనుషులు కనబడ్డారు.

అనంతగిరి దాటి, అరకు బాట వదిలి పైకి ఎక్కితే కొండ నెత్తిన ఒక ఊరుంది. పేరు చెప్పను, పైఊరు అందాం. మాఘమాసంలో అక్కడికి వెళ్ళాను. ఊరిపెద్ద ముసలాయన. మొహమంతా మశూచి గుంటలు, ఒక కన్ను తెల్లబడిపోయింది. మా కావిడివాడు ఆయనకి నా పనిని తన భాషలో చెప్పాడు. చేతి మీద చిన్నతల్లిని కూచోబెడితే ఇంట్లోకి పెద్దతల్లి రాదు, ఈ బాబు చిన్నతల్లిని తెచ్చాడు అని. తల్లీ లేదు, పిల్లా లేదు, ఇది దూడ మీద పెంచిన మందు అని నేను అందుకోబోయి ఊరుకున్నాను. వాడు చెప్పింది నా పుస్తకాల్లో రాసినదానికి మరీ దూరంగా లేదు.

ముసలాయన తన మొహం తడుముకుని అన్నాడు. "నన్ను సిన్నప్పుడే సూసేసినాది తల్లి. ఒకపాలి సూసినోణ్ణి మరి సూడదు. మా వోళ్ళకి ఎయ్యి."

ముందు ఆయన కొడుకు జబ్బ చాపాడు. నవ్వుల మనిషి. నేను గీస్తుంటే, చీమ కుట్టినట్టయినా లేదని ఊరందరికీ వినబడేలా చెప్పాడు. తరవాత అతని భార్య, ఆమె చంకలోని పాలు తాగే ఆడపిల్ల. మధ్యాహ్నానికల్లా ఊరంతా అయింది. నా ఉద్యోగంలో అలాంటి ఊరు అంతకు ముందు లేదు.

అన్నిటికన్నా గొప్ప, వాళ్ళు నన్ను పంపిన తీరు. ముందు డప్పు. వెనక ఒక ముసలావిడ పాత చేటలో పసుపు బియ్యం, గాజు ముక్కలు, కోడిగుడ్డు పెట్టుకుని నడిచింది. ఆ వెనక నేను. ఊరి పొలిమేర దాకా అందరూ వచ్చారు. అక్కడ చేట కింద పెట్టి, ఒక కుండ పగలగొట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయారు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇల్లూ వాకిలీ లేనివాడికి ఇంత మర్యాదా అనిపించింది. కొండ మొదట బంగళాలో ఉండే మా ఇనస్పెక్టరు గారికి కబురు చెబితే, "దొరలక్కూడా డప్పు కొట్టరయ్యా, నీ పని బాగుంది" అన్నారు. కొన్నాళ్ళు ఆ మాట తలుచుకుని తలుచుకుని నడిచాను.

పైఊరి తరవాత అదే కుండలోని మందు లోయలో ఒక ఊరికి వేశాను. పైఊరు మళ్ళీ ఎక్కే తీరిక లేక, ఎనిమిదో నాడు చూడ్డానికి దగ్గర్లో ఉన్న ఆ లోయ ఊరికే వెళ్ళాను. మొదటి ఇంట్లో జబ్బ మీద ఎండిపోయిన గీత ఉంది, పొక్కు లేదు. ఒకళ్ళకి పట్టకపోవడం మామూలే. రెండో ఇల్లూ అంతే. మూడో ఇంట్లో నేనే జబ్బలు పట్టి తిప్పి చూశాను. ఊరు మొత్తం తిరిగాను. ఒక్క పొక్కు లేదు. వాళ్ళేమో నొప్పీ జ్వరమూ లేకుండా టీకా వేసినందుకు నన్ను మెచ్చుకుంటున్నారు.

పరుగున కొండ దిగాను. ఇనస్పెక్టరు గారు చెడ్డవాడు కాదు, అది ముందే చెప్పాలి. నా గుడ్డలు చినిగితే తన చొక్కా ఇచ్చిన మనిషి. నేను చెప్పిందంతా విని, పంకా లాగేవాణ్ణి బయటికి పంపేశారు.

"ఆ పార్సెలు స్టేషను షెడ్డులో ఎండలో ఉండిపోయిందయ్యా. బండివాడికి జ్వరం. నాకూ అనుమానం వచ్చింది."

"మరి నాతో చెప్పలేదేమండీ?"

"చెబితే ఏం చేసేవాడివి? సీజను పోయేది. పోనీలే, కొత్త సరుకు వచ్చింది. లోయ ఊరికి రెండో విడత అని చెప్పి మళ్ళీ వేసెయ్యి."

"పైఊరండీ?"

"దాన్ని ఇప్పట్లో కదపకు. పోయిన వారం సంతలో ఒక మనిషి ఒంటినిండా పొక్కులతో పడి ఉన్నాడట. తూర్పు నుంచి వచ్చాడు. కిందనే బోలెడు పనుంది." ఆయన గొంతు తగ్గించారు. "ఒక మాట విను. మందు చచ్చిందని మాత్రం ఎక్కడా అనకు. ఒకసారి అన్నావంటే మన్యంలో ఇక జన్మలో ఎవడూ చెయ్యి చాపడు. నీకూ చాపడు, నీ తరవాత వచ్చేవాడికీ చాపడు."

ఆ మాటలో నిజం లేదని నేను ఇప్పటికీ అనలేను. కానీ ఆయన సంత పేరెత్తగానే నాకు కొండ ఊళ్ళ ముళ్ళకంపలు గుర్తొచ్చాయి. ఎక్కడో తల్లి తిరుగుతోందని వింటే కొండ ఊళ్ళవాళ్ళు బాటకి అడ్డంగా ముళ్ళకంప కొట్టేసేవారు. వచ్చేవాడు రాకూడదు, పోయేవాడు పోకూడదు. ఉప్పు నిండుకున్నా సరే, సంత ముఖం చూసేవారు కారు. అనాగరికం అని నేను ఎన్నోసార్లు నవ్వాను. పైఊరివాళ్ళు ఈసారి కంప కొట్టరు. ఎందుకు కొడతారు? నా టీకా ఉంది కదా. నా మాట నమ్మి హాయిగా సంతకి దిగుతారు. నమ్మకపోయి ఉంటే బతికేవారు.

కొత్త మందు కుండలో పెట్టించుకుని కావిడివాడితో బయల్దేరాను. పొలిమేర కనబడుతుండగా వాడు కావిడి దించి కూలబడ్డాడు.

"ఇక నాను రాను బాబూ. మీరూ ఎల్లకండి."

"ఏం?"

"మిమ్మల్ని సాగనంపేసినారు కదా."

"అవును, డప్పుతో పంపారు. మర్యాద చేశారు."

వాడు నాకేసి జాలిగా చూశాడు. "మరేద కాదు బాబూ. ఊళ్ళోకి తల్లొస్తే అలాగే సేట పెట్టి, డప్పు కొట్టి పొలిమేర దాటించేత్తారు. ఈ ఊరోళ్ళు కింద ఊరికి, కింద ఊరోళ్ళు ఇంకో ఊరికి. మీరు సిన్నతల్లిని మోసుకొచ్చినారు కదా. ఆయమ్మ పనైపోయినాది, సాగనంపినారు. సాగనంపిన తల్లి ఎనక్కి తిరిగొత్తే ఊరు ఉంతాదేటి?"

"మరి ఆ రోజే చెప్పలేదేం?"

"మీరు సంతోసంగా ఉన్నారు. ఎందుకులే అనుకున్నాను."

నవ్వు వచ్చింది, ఆ వెంటనే ఏడుపు వచ్చింది. ఊరంతా నన్ను కావాలనుకున్న ఒకే ఒక్క రోజున, నిజానికి వాళ్ళు నన్ను వదిలించుకున్నారు. వాడు కుండ నా చేతికిచ్చి కొండ దిగిపోయాడు. నేను ఒక్కణ్ణీ పొలిమేర దాకా నడిచి, కుండపెంకుల ఇవతలే నిలబడి కేకలు వేశాను. నేననుకున్నట్టే బాటకి కంప లేదు.

చాలాసేపటికి ముసలాయన వచ్చి దూరాన నిలబడ్డాడు. ఆయన వెనక కోడలు, చంకలో పిల్ల.

"ఏటి మళ్ళీ ఒచ్చినావు?" అన్నాడు. అందులో ఆదరం లేదు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పెద్దయ్యా, నేను వేసిన మందు దారిలో ఎండకి చచ్చిపోయింది, ఎవరికీ టీకా పట్టలేదు, సంతలో తల్లి ఉంది, బాట మూసెయ్యి, ఎవర్నీ పంపకు అని. ఆయన తన ఒంటి కన్నుతో నన్ను తేరిపార చూశాడు.

"పొక్కలేదు. మావు సూసినాం. తల్లి సల్లబడిపోయినాది, మాకు నొప్పి పెట్టనేదు అనుకున్నాం." సంత బాటకేసి చూశాడు. "మా గుంటడు సంతకెల్లినాడు. పోయిన సంతకీ ఎల్లినాడు. భయమేటి, టీకా ఉన్నాది కదా అన్నాడు."

కొత్త మందు తెచ్చాను, అందరికీ మళ్ళీ వేస్తాను అన్నాను.

"ఇది బతికున్నాదని నీకెలాగ తెలుసు?"

అప్పటికి నా ఉద్యోగంలో ఎన్నో ప్రశ్నలు విన్నాను. ఇది మాత్రం ఎవరూ అడగలేదు. తెలుసు అని ఒక్క ముక్క అంటే పనైపోయేదేమో. 

"తెలీదు. ఎవరికైనా వేసి ఎనిమిదో నాడు చూస్తే తెలుస్తుంది" అన్నాను.

"నువ్వేసుకో మరి."

"నాకు చిన్నప్పుడే పట్టింది. ఇప్పుడు మంచి మందు వేసినా పొక్కకపోవచ్చు. నా చెయ్యి సాక్ష్యానికి పనికిరాదు."

ముసలాయన తిరిగి వెళ్ళిపోబోయాడు. కోడలు కదల్లేదు. 

"నాకెయ్యి. పొక్కితే అందరికీ ఎయ్యి" అంటూ పెంకులు దాటి ఇవతలికి వచ్చేసింది.

"ఒసే, ఎనక్కి రా!" అని ముసలాయన అరిచాడు.

"ఆడు సంతలో ఉన్నాడు మావా. నానక్కడ కూకుని ఏటి సేత్తాను?"

గీశాను. పిల్లకి కూడా వేస్తానన్నాను. ఒద్దంది. దాటివచ్చిన మనిషి ఇక ఊళ్ళోకి వెళ్ళడానికి లేదు కనక, వాగుకి అవతల చేలో ఉన్న కాపలా పాకలో పిల్లతో ఉండిపోయింది. వాగుకి ఇటువైపు, బండల కింద, కొమ్మలతో నేనొక నీడ కట్టుకున్నాను. ఆ పూటే బాటకి ముళ్ళకంప పడింది. కంప ఇవతల లోకంలో ముగ్గురం.

పొద్దు వాలుతుండగా సంత నుంచి ఆమె మొగుడు వచ్చాడు. భుజాన ఉప్పు మూట. కంప చూసి తికమకపడి, నన్ను చూసి నవ్వాడు. మొహం కందగడ్డలా ఉంది. దగ్గరికి వెళితే ఆవిరి కొట్టినట్టు వేడి తగిలింది.

"ఒట్టి మన్యం జొరమే బాబూ. నాకు నువ్వేసిన టీకా ఉన్నాది కదా." జబ్బ తిప్పి చూపించాడు. నేను గీసిన గీత అక్కడ తెల్లగా ఎండి ఉంది.

అబద్ధం చెప్పడానికి అంత మంచి అదను నాకు మళ్ళీ రాలేదు. చెప్పలేకపోయాను. మందు సంగతి చెప్పేశాను. అతను నన్ను తిట్టలేదు. ఎవరితోనో కాదు, తనలో తనే అనుకున్నట్టు అన్నాడు.

"ముందే తెలిత్తే సంతకెల్లకుండా ఉందునే."

ఆ తరవాత అతను నా బండ కిందే పడుకున్నాడు. మర్నాడు ముసలాయన కంప పక్కకి తీసి వచ్చాడు. తల్లి చూసినవాణ్ణి మళ్ళీ చూడదన్న మాట ఆయన నోటితో నేను విన్నదే. ఇద్దరం అతనికి చెరోపక్క కూచున్నాం. నేను నీళ్ళు పట్టేవాణ్ణి, ఆయన ఆకులతో ఈగలు తోలేవాడు. మూడు నాలుగు రోజులకి జ్వరం తగ్గినట్టే తగ్గి, మొహం మీద పొక్కులు లేచాయి. ఇక అనుమానం లేదు.

నాకు చంటిదాని మీదే ప్రాణం కొట్టుకుంటోంది. పోయిన సంత నుంచి వచ్చాక తండ్రి ఇంట్లో దాన్ని ఎత్తుకునే ఉంటాడు, ఇప్పుడు గాలివాటు కూడా పాక వైపే. మందు వెంటనే వేస్తే రోగం వెంటపడినా దాన్ని మించిపోవచ్చు. రోజు ఆలస్యమైతే ఆ రోజు పోయినట్టే. వాగు ఒడ్డున నిలబడి బతిమాలాను.

"ముందు నాది పొక్కనీ" అనేది. "పోయినపాలి కూడా నువ్విలాగే సెప్పినావు."

ఒక పొద్దున్న తనే కేకేసింది. "ఎర్రగా అయినాది. పట్టిందేటి?"

అవును అంటే చాలు. పిల్లకి టీకా పడుతుంది. ఆ 'అవును' నా నాలిక చివరిదాకా వచ్చింది. పేరు పెట్టకుండా పోయిన నా పిల్ల గుర్తొచ్చింది. ఆ రోజు డాక్టరు గారు మా గుమ్మంలో ఏదైనా రంగునీళ్ళు ఇచ్చి, ఇది పనిచేస్తుంది అని ఉంటే నేనెంత సంతోషపడేవాణ్ణో, తరవాత ఆయన్ని ఎంత అసహ్యించుకునేవాణ్ణో అదీ తెలిసింది.

"చెప్పలేనమ్మా. ఒట్టి గీతకి కూడా ఎర్రబడుతుంది. ఇంకా నాలుగు రోజులు పోతేగానీ తెలీదు" అన్నాను.

ఆమె వెనక్కి వెళ్ళి పాక ముందు కూచుంది. ఇక అంతే అనుకున్నాను. కాసేపటికి లేచి, పిల్లని ఎత్తుకుని, వాగు మధ్యకి నడిచి వచ్చి నిలబడింది. 

"ఎయ్యి" అంది.

కార్బాలిక్ సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, వేరే చొక్కా తొడుక్కుని వాగులోకి దిగాను. మోకాలిలోతు నీళ్ళలో నిలబడి, నాకెందుకో అడగాలనిపించింది. "నామీద నమ్మకం కుదిరిందా?"

"నమ్మకమేటి? తెలుసునని సెప్పి ఏసింది సచ్చిపోయినాది. తెలీదని సెప్పి ఏసేది ఏటవుతాదో సూద్దాం."

నేను శాఖలో విన్న ఉపన్యాసాలన్నీ ఒక ఎత్తు, వాగులో విన్న ఆ మాట ఒక ఎత్తు. పిల్ల జబ్బ మీద గీశాను.

ఎనిమిదో నాటి ఉదయం ఆమె జబ్బ మీద పొక్కు నిలిచింది. నడుమ చిన్న గుంట, చుట్టూ ఎరుపు, అచ్చు పుస్తకంలో బొమ్మలా. వాగు అవతల నుంచి చెయ్యెత్తి మాకు చూపించింది. నేను అరిచాను, ఏమని అరిచానో తెలీదు. తిరిగి చూసేసరికి ముసలాయన తన కొడుకు మొహం మీద గుడ్డ కప్పుతున్నాడు.

గొయ్యి మేమిద్దరమే తవ్వాం. పని అయ్యాక వాగులో స్నానం చేసి, కంప దగ్గరికి వెళ్ళి ఊరిని పిలిచాడు. కంపలో మనిషి పట్టేంత సందు చేసి, ఒక్కొక్కరినీ తనే జబ్బ పట్టుకుని ముందుకు తెచ్చాడు. ఇనస్పెక్టరు గారు భయపడ్డట్టు ఏమీ జరగలేదు. ఒక్కరు కూడా చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అందరూ చాపారు. కానీ ఎవరూ నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. ఒక్కరూ నా మొహంలోకి చూడలేదు. పని పూర్తయ్యాక కంప మళ్ళీ మూసేశారు.

చంటిదానికి ఒళ్ళు వెచ్చబడి తగ్గింది, అంతే. ఆ ఏడు చుట్టుపక్కల ఊళ్ళలో చాలామంది పోయారు. పైఊళ్ళో మరొకరు పోలేదు. ఇనస్పెక్టరు గారు భుజం తట్టి, "చాపారు కదయ్యా చేతులు, ఇంకేం కావాలి నీకు" అన్నారు. నిజమే, ఉద్యోగికి ఇంకేం కావాలి? మందుని నమ్మడం వేరు, మందు తెచ్చినవాణ్ణి దగ్గరికి తియ్యడం వేరు. మొదటిది జరిగితే మన పని జరిగినట్టే. ఈ సంగతి మీకు ఎవరూ చెప్పరు కనక నేను చెబుతున్నాను. మొదటిది జరిగిన ఊళ్ళో కూడా మీరు ఒంటరిగా కూచుని అన్నం తినాల్సి రావచ్చు.

తరవాత ఏటేటా చలికాలంలో పైఊరికి వెళ్ళేవాణ్ణి. పొలిమేర దాటేవాణ్ణి కాను. వాళ్ళే కొత్తగా పుట్టిన పిల్లల్ని తెచ్చి, చేతులు చూపించి, తీసుకుపోయేవారు. అందరూ వెళ్ళాక ముసలాయన కోడలు అడ్డాకు దొప్పలో చోడి అంబలి, అదే రాగి జావ, తెచ్చి, బాట పక్క రాతి మీద పెట్టి వెళ్ళిపోయేది. నేను తాగి, దొప్ప అక్కడే బోర్లించి దిగేవాణ్ణి. ముసలాయన పోయాడని కూడా ఒక ఏడు ఆయన రాకపోవడం వల్లే తెలిసింది. ఆ రాయి దగ్గర కూచుని అంబలి తాగుతుంటే, ప్రపంచంలో నాకంటే ఒంటరివాడు లేడనిపించేది. ఇప్పుడు సిగ్గు లేకుండా చెబుతున్నాను.

నాకు బదిలీ వచ్చిన ఏడు, ఆఖరిసారి వెళ్ళినప్పుడు, అందరి చివరా ఒక ఆడపిల్ల వచ్చింది. టీకా రెండోసారి వెయ్యాల్సిన వయసు. జబ్బ మీద నా పాత మచ్చ గుండ్రంగా ఉంది. అందర్లా మౌనంగా చెయ్యి చాపలేదు. నా మొహంలోకే చూసింది.

"మా అయ్య దగ్గర కడదాకా నువ్వే ఉన్నావంట కదా. ఎలాగుండేవోడు?"

ఆ ఊళ్ళో ఇన్నేళ్ళకి ఒకళ్ళు నన్నొక ప్రశ్న అడిగారు. చక్రం కింద పెట్టాను. నవ్వుల మనిషి అని చెప్పాను. ఉప్పు మూట నీళ్ళలో పడకుండా, జ్వరంలో కూడా తల కింద పెట్టుకున్నాడని చెప్పాను. 

"మీ పాక వైపు తిరిగి పడుకోమంటే పడుకునేవాడు కాదు. బండకేసి తిరిగి పడుకునేవాడు. నా మొకం సూత్తే మా గుంట జడుసుకుంతాది, పెద్దయ్యాక కూడా ఇదే మొకం గురుతుంతాది అనేవాడు" అన్నాను.

నాలుగడుగుల దూరంలో తల్లి దొప్ప పట్టుకుని నిలబడి ఉంది.

"కోపమనుకున్నాను" అంది. వాగులో మాట్లాడిన ఆ రోజు తరవాత ఆమె గొంతు వినడం నాకు అదే. "ఉప్పు లేదని నానే పంపినాను కదా. నా మీద కోపంతో ఇటు తిరగనేదు అనుకున్నాను. ఇన్నేళ్ళూ అదే అనుకున్నాను."

పిల్ల ఆమెకేసీ నాకేసీ మార్చి మార్చి చూసింది. 

"అడిగినావు కదా. ఇంక సెయ్యి సాపు" అంది తల్లి.

పిల్ల చెయ్యి చాపింది. గీశాను. చక్రం తుడిచి సంచిలో పెట్టుకుని లేచాను. ఆమె ఆ వేళ దొప్ప రాతి మీద పెట్టలేదు. దగ్గరికి వచ్చి నా చేతికిచ్చింది. ఇద్దరూ అక్కడే నిలబడి ఉండగా తాగాను.